నమలకుండా మింగిన మాటలు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం గెస్టాల్ట్ థెరపీ మీద జరిగిన ప్రసంగాన్ని రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మాట్లాడినవారు నగరంలో చాలాకాలంగా కౌన్సెలింగ్ చేస్తున్న మనస్తత్వ నిపుణురాలు. రాలేకపోయినవాళ్ల కోసం, తడబాట్లు మాత్రం తీసేసి మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి. మొదటి వరస ఖాళీగానే ఉంది. మన ఊళ్లో ఏ మీటింగుకెళ్లినా మొదటి వరస ఖాళీయే, ఎందుకో మరి. రండి మాస్టారూ, కూర్చోండి. నా పక్కనున్న ఈ ఒక్క కుర్చీ మాత్రం వదిలెయ్యండి. దాంట్లో ఎవరూ కూర్చోవద్దు, దానితో పనుంది.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. కళ్లు మూసుకోవక్కర్లేదు, ప్రాణాయామం కాదిది. "ఇప్పుడు నాకు తెలుస్తున్నది" అని మొదలుపెట్టి మనసులో మూడు వాక్యాలు పూర్తి చెయ్యండి. ఇప్పుడు నాకు ఫ్యాను చప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు నాకు చెప్పు కరుస్తున్నట్టు తెలుస్తోంది. అలా మూడు. కానివ్వండి.

అయిందా? మూడో వాక్యానికొచ్చేసరికి ఎంతమంది ఇంటికెళ్లిపోయారు? గ్యాస్ కట్టేశానా లేదా, అబ్బాయి ట్యూషన్ నుంచి వచ్చాడా లేదా... నిజం చెప్పండి, చేతులెత్తండి. చూశారా! ఇంచుమించు అందరం. మూడంటే మూడు వాక్యాలు. "ఇప్పుడు" అన్నచోట అంతసేపు కూడా నిలబడలేకపోయాం. గెస్టాల్ట్ థెరపీలో మేం చేసే పనిలో చాలా భాగం ఇదే. నిలబడలేకపోవడం తప్పని చెప్పం. ఎక్కడ జారిపోయామో, ఎలా జారిపోయామో చూస్తాం.

ముందు ఆ పేరు సంగతి. గెస్టాల్ట్ జర్మన్ మాట. రూపం అంటే సగం అర్థమే వస్తుంది. విడివిడి ముక్కలు ఒకటిగా కట్టుకుని నిలిచిన రూపం అనాలి. వినాయక చవితి పందిళ్లకి సీరియల్ బల్బులు కడతారు కదా, వెలుతురు ఇటునుంచి అటు పరిగెడుతున్నట్టుంటుంది. పరిగెత్తేది ఏదైనా ఉందా అక్కడ? ఒక బల్బు ఆరుతుంది, పక్కది వెలుగుతుంది, అంతే. పరుగంతా మన చూపులో ఉంది. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో ఇలాంటి కదలిక మీదే వ్యాసం రాశాడు. గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రం అక్కణ్ణుంచి మొదలైందంటారు. అంతకు ముందే, 1890లో, ఎరెన్‌ఫెల్స్ అనే తత్వవేత్త పాట గురించి ఇలాంటి మాటే చెప్పాడు. ఒక కీర్తనని హార్మోనియం మీద ఒక శ్రుతిలో వాయించి, శ్రుతి మార్చి మళ్లీ వాయించండి. వేళ్లు పడిన మెట్లు వేరు. కీర్తన మారిందా? మారలేదు.

అయితే ఒక మాట. ఆ శాస్త్రం వేరు, ఈ థెరపీ వేరు. చాలామంది రెండూ కలిపేస్తారు, మా పిల్లలు పరీక్షల్లో కూడా కలిపేసి రాస్తారు. వెర్ట్‌హైమర్ వాళ్లది ప్రయోగశాల పని. థెరపీ వాళ్లు ఆ పేరూ, ఒకటి రెండు ఆలోచనలూ అరువు తెచ్చుకున్నారు. ఆ అరువు తెచ్చుకున్నవాటిలో మొదటిది చెబుతాను.

సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లారనుకోండి. ఆకలి మీదున్నవాడికి సముద్రం కనబడదు, మురీ మిక్చర్ బండి కనబడుతుంది. మూడేళ్ల పిల్లని తీసుకొచ్చిన తల్లికి బండీ కనబడదు, అలకీ పిల్ల కాళ్లకీ మధ్య ఎంత దూరముందో అదే కనబడుతుంది. జాలరిపేట పెద్దాయనకి గాలి ఎటు తిరిగిందో కనబడుతుంది. బీచ్ ఒకటే. ఏది ముందుకొస్తుంది, ఏది వెనక్కి తగ్గుతుంది అన్నది ఆ క్షణంలో మన అవసరాన్ని బట్టి ఉంటుంది. సరే, మిక్చర్ తినేశాక ఏమవుతుంది? బండి మాయమైపోతుంది! అక్కడే ఉంటుంది, మనకి కనబడదు. అప్పుడు సముద్రం కనబడుతుంది. ఒక అవసరం ముందుకి రావడం, తీరడం, వెనక్కి వెళ్లిపోవడం, ఇంకొకటి రావడం. గెస్టాల్ట్ వాళ్ల లెక్కలో ఆరోగ్యం అంటే ఈ రాకపోకలు సాఫీగా సాగడమే.

మరి తినకుండా వచ్చేస్తే? బండి మనతోపాటు ఇంటికొచ్చేస్తుంది.

కర్ట్ లెవిన్ అనే ఆయన బెర్లిన్‌లో హోటల్ సర్వర్లని చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాడట. బిల్లు కట్టనివాళ్లు ఏం తిన్నారో సర్వరుకి గుర్తుంటుంది, కట్టేశాక గుర్తుండదు. మన టిఫిన్ హోటల్లో చూడండి, మూడో టేబులు పెసరట్టు, ఉల్లి లేకుండా, రెండు కాఫీలు అని కాగితం లేకుండా అరుస్తాడు. మీరు డబ్బులిచ్చి మెట్లు దిగాక మళ్లీ వచ్చి అడగండి, మీ మొహం కూడా గుర్తుండదు. లెవిన్ శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ దీన్ని ప్రయోగాలు చేసి 1927లో ప్రచురించింది. సగంలో ఆపించిన పనులే జనానికి ఎక్కువ గుర్తున్నాయని. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు, అదీ చెప్పాలి. ప్రయోగం మాట ఎలా ఉన్నా, మన ఇళ్లలో సగంలో ఆగిపోయిన మాటల సంగతి మనకి తెలియందా?

ఇక ఈ థెరపీని మొదలుపెట్టిన ఫ్రిట్జ్ పెర్ల్స్. 1893లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్నాడు. డాక్టరయ్యాడు, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణలో తర్ఫీదయ్యాడు. 1933లో హిట్లర్ వచ్చాక భార్య లారాతో, చిన్న కూతురితో దేశం విడిచి ఆమ్‌స్టర్‌డామ్, ఆ తర్వాత దక్షిణాఫ్రికా. అక్కణ్ణుంచి 1936లో చెకొస్లొవేకియాలో మనోవిశ్లేషకుల సభ ఉందంటే అంతదూరం వచ్చాడు. పనిలో పనిగా వియన్నాలో ఫ్రాయిడ్‌ని చూద్దామని వెళ్లాడు. పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడాడట. సభకీ, మిమ్మల్ని చూడటానికీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చాను అంటే, అలాగా, తిరుగు ప్రయాణం ఎప్పుడు అన్నాడట. ఇది పెర్ల్స్ స్వయంగా రాసుకున్నదే. డెబ్బై ఏళ్లు దాటాక, తన జీవితంలో తీరకుండా ఉండిపోయిన నాలుగు పెద్ద విషయాల్లో ఇదొకటని రాసుకున్నాడు. తీరని పనుల గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన మనిషి!

ఆ సభలో పెర్ల్స్ చదివిన పత్రం దేనిమీదో తెలుసా? తిండి మీద. నోరు, పళ్లు, కొరకడం. అక్కడివాళ్లకి అది రుచించలేదు. అదే ఆలోచన పెరిగి 1942లో దక్షిణాఫ్రికాలో పుస్తకమైంది, 'ఈగో, హంగర్ అండ్ అగ్రెషన్' అని. లారా తన పిల్లలకి పాలు మాన్పించి మెత్తటి తిండి అలవాటు చేసే రోజుల్లో గమనించినవి అందులో ఉన్నాయి. కొన్ని అధ్యాయాలు ఆమే రాసింది. అట్ట మీద పేరు మాత్రం ఆయనదొక్కడిదే. ఇక్కడున్న ఆడవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు.

ఈ తిండి దగ్గరే కాసేపు ఆగుతాను. నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఇదే.

పసిబిడ్డ పాలు తాగి మింగుతుంది. పళ్లొచ్చాక కొరుకుతుంది, నములుతుంది, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. ఆ ఉమ్మెయ్యడం ఎంత గొప్ప విద్యో ఆలోచించారా? ఇది నాకొద్దు అని చెప్పడం. మరి మనమేం చేస్తాం? అదుగో చందమామ అని చూపు మళ్లించి ముద్ద లోపలికి తోసేస్తాం. ముద్ద సరే, మాటలు కూడా అలాగే తినిపించాం. మగాడివి, ఏడుస్తావేంట్రా. ఆడపిల్ల అంత గట్టిగా నవ్వకూడదు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదు. నలుగురూ ఏమనుకుంటారు. మింగేశాం. యాభై ఏళ్లొచ్చినా అవి అరగలేదు, బయటికీ పోలేదు. ఇంగ్లీషులో దీన్ని ఇంట్రోజెక్షన్ అంటారు. నేను మింగుడు అంటాను, మా క్లయింట్లకి వెంటనే అందుతుంది.

ఎందుకు అందదు? తెలుగులో ఈ సిద్ధాంతం అంతా ముందే ఉంది! కోపం దిగమింగుకున్నాడు అంటాం. కన్నీళ్లు దిగమింగింది అంటాం. ఆ వార్త జీర్ణించుకోలేకపోయారు. మాట గొంతు దాటలేదు. ఆ విషయం మింగుడు పడలేదు. కడుపులో పెట్టుకో అంటాం, ఎవరికీ చెప్పకు అనడానికి. బెర్లిన్ నుంచి ఎవరో వచ్చి చెప్పాలా మనకి? కాకపోతే మనం దిగమింగడాన్ని గొప్పగా చూశాం. అంత దుఃఖం దిగమింగుకుంది, మహా తల్లి అని. ఆ మహా తల్లి కడుపునొప్పితో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటే స్కానింగులన్నీ బాగానే ఉన్నాయంటారు. అన్ని కడుపునొప్పులూ ఇలాంటివని కాదమ్మా, ముందు డాక్టరుకి చూపించాలి. అక్కడ ఏమీ లేదన్న తర్వాతే మా దగ్గరికి.

మరి మింగినవన్నీ కక్కెయ్యాలా? కాదు. ఆవు ఏం చేస్తుంది? నెమరేస్తుంది. మింగిందాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదు అన్నది నమిలితే అందులో గౌరవం ఉంది, ఉంచుకోవచ్చు. భయం ఉంది, ఉమ్మెయ్యొచ్చు. ఏది ఎంత అన్నది నేను చెప్పను. నాలుక మీది, రుచి మీకే తెలుస్తుంది.

మింగిన కోపం ఎక్కడికి పోతుంది? తన మీదికే తిరుగుతుంది. దీన్ని రెట్రోఫ్లెక్షన్ అంటారు. ఒకావిడ వచ్చింది, దవడ నొప్పి. రాత్రి నిద్రలో పళ్లు నూరి నూరి రెండు పళ్లు అరిగిపోయాయి. పళ్ల డాక్టరు గార్డు ఇచ్చి, ఓసారి కౌన్సెలింగుకి కూడా వెళ్లమన్నారట. అత్తగారి గురించి నవ్వుతూ చెబుతోంది, దవడ మాత్రం బిగిసే ఉంది. నేను ఎందుకు అని అడగలేదు. ఎందుకు అంటే మనిషి లాయరైపోతుంది, వంద కారణాలు చెబుతుంది. దవడ ఇప్పుడు ఏం చేస్తోందమ్మా అన్నాను. చెయ్యి పెట్టి చూసుకుని ఆగిపోయింది. ఎవర్నో కొరికేస్తున్నట్టుంది మేడమ్ అంది, ఆవిడే. మిగిలినవి గబగబా చెప్పేస్తాను. నాలో ఉన్న కోపాన్ని ఎదుటివాడి మొహంలో చూడటం ప్రొజెక్షన్. ఎలా ఉన్నారు అని అడిగితే, వైజాగ్‌లో ఈ ఏడాది ఉక్క మరీ ఎక్కువైపోయిందండీ అనడం డిఫ్లెక్షన్. ఇంకొకటుంది, కాన్‌ఫ్లుయెన్స్ అని, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎందుకు అని అడగం అన్నాను కదా. ఏమిటి, ఎలా, ఈ రెండే మా ప్రశ్నలు. ఇంకా మాట వరసని కూడా కొంచెం కదుపుతాం. "అన్నయ్యతో మాట్లాడలేను" అన్నారనుకోండి. అందులో ఒక్క "లే" తీసి మళ్లీ చెప్పండి అంటాం. "అన్నయ్యతో మాట్లాడను." ఒక్క అక్షరం! ఇద్దరు మనుషులు చెప్పినట్టు ఉందా లేదా? కొందరికి కోపం వస్తుంది, కొందరు నవ్వేస్తారు, కొందరు కాదు మేడమ్ నిజంగానే లేను అంటారు. అదీ సరే. "లే" తియ్యమన్నది నిజం రాబట్టడానికి కాదు, రెండు రుచులూ చూడటానికి.

కానీ ఇంగ్లీషు పద్ధతులన్నీ ఇక్కడ నడవవు. వాళ్లు "నాకు" తీసేసి "నేను" అనిపిస్తారు, కోపం నాదేనని ఒప్పుకోవాలని. తెలుగులో ఎలా? మనకి కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, భయం వేస్తుంది. అన్నీ చుట్టాల్లా బయటినుంచి వచ్చేవే! "నేను కోపంగా ఉన్నాను" అనిపిస్తే నాటకంలా ఉంటుంది. కొన్నాళ్లు నేనూ అనిపించాను. తర్వాత మానేసి, సరే కోపం వచ్చింది కదా, ఎక్కడికి వచ్చింది అని అడగడం మొదలెట్టాను. గుండెలోకా, చేతుల్లోకా? వచ్చి ఏం చేస్తోంది? చుట్టం వచ్చినప్పుడు కూర్చోబెట్టి కదా మాట్లాడతాం.

ఇప్పుడు ఈ కుర్చీ. గాజువాక వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. వివరాలు మార్చి చెబుతున్నాను, మీరెవరూ పోల్చుకోలేరు. యాభై దాటాయి, షిఫ్టు డ్యూటీ. తండ్రి మంచాన పడి ఉన్నాడు. ఒక రాత్రి డ్యూటీకెళ్లేముందు తండ్రి పదేపదే పిలుస్తుంటే, ఎన్నిసార్లు పిలుస్తావయ్యా అని కసిరి వెళ్లాడు. తెల్లారి వచ్చేసరికి తండ్రి లేడు. రెండేళ్లయింది. పడుకుంటే ఆ పిలుపు వినబడుతుంది, నిద్ర లేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు అడిగాను, మీ అయ్యతో మాట్లాడాలనుందా అని. ఉంది అన్నాడు. ఇలాంటి ప్లాస్టిక్ కుర్చీయే. ఎక్కడ పెడదాం అంటే కిటికీ పక్కకి లాగాడు. కూర్చోబోయి, మళ్లీ లేచి, కుర్చీని కొంచెం పక్కకి తిప్పాడు. "ఆయనకి ఎడం సెవి ఇనపడదు మేడమ్" అన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి కుర్చీ వెనక వేశాడు. అంతే, ఆ గదిలోకి ఆయన వచ్చేశాడు. నాకు తెలిసింది, మీకు ఇప్పుడు తెలుస్తోంది కదా?

చాలాసేపు మాట లేదు. కుడిచెయ్యి మాత్రం తన మోకాలిని పిసుకుతోంది. చెయ్యి ఏం చేస్తోంది అన్నాను. చూసుకున్నాడు. "అయ్య కాళ్లు పడతన్నాను" అన్నాడు. కాళ్లు పట్టడం. తెలుగులో ఆ మాటకి పక్కనే ఇంకో మాట ఉంది, కాళ్లు పట్టుకోవడం. నేను అనలేదు. ఆయనే ఆ కుర్చీ ముందు కింద కూర్చుండిపోయి, తప్పయిపోయిందయ్యా అన్నాడు. ఏడవనిచ్చాను. తర్వాత అడిగాను, అటు కుర్చీలోకి వెళ్లి అయ్యగా కూర్చుంటారా అని. కూర్చున్నాడు. తల కొంచెం వంచి కుడి చెవి ఇటు పెట్టాడు, తండ్రి ఎలా పెట్టేవాడో అలా. ఒక నిమిషం చూసి అన్నాడు, "డూటీ నించి వొచ్చీసినావా? బువ్వ తిన్నావా?"

క్షమించాను అనలేదు చూశారా. ఆ తండ్రి అలా అనడు మరి. నేను రాసిస్తే క్షమించాననే రాసి ఉండేదాన్ని.

ఆ రోజుతో నిద్ర వచ్చెయ్యలేదు. ఇంకో ఏడు వారాలు వచ్చాడు. ఈ ఖాళీ కుర్చీ అసలు పెర్ల్స్ సొంతం కూడా కాదు, మొరెనో అనే ఆయన సైకోడ్రామాలోది, అంటే మనసులో బాధని నాటకంలా ఆడించే పద్ధతిలోది. తర్వాత కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్ వాళ్లు దీన్ని తీసుకుని పరిశోధనలు చేశారు. 1995లో పెయివియోతో కలిసి చేసిన అధ్యయనంలో, పాత గాయాలు తీరనివాళ్లకి ఈ కుర్చీ పని, ఊరికే పాఠాలు చెప్పి పంపే గ్రూపుకంటే బాగా పనిచేసింది.

ఇదంతా విని కుర్చీ అంటే మంత్రం అనుకోకండి. నేను చేసిన పాడుపని కూడా చెబుతాను. కొత్తలో ఒక వర్క్‌షాప్‌లో ఇది నేర్చుకుని వచ్చాను. మర్నాడే ఒక అమ్మాయి, అప్పటికి రెండోసారి వచ్చింది, భర్త గురించి చెబుతోంది. నేను గబగబా కుర్చీ వేసి, ఇదిగో ఆయన, చెప్పు అన్నాను. ఆ అమ్మాయి వణికిపోయింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ కుర్చీ ఆ అమ్మాయి అడగలేదు. నా చేతిలో కొత్త పనిముట్టు ఉంది, అందుకని వేశాను. ఆ మనిషిని ఎదురుగా చూడటానికి కావలసిన ఆసరా ఆమెకి ఇంకా లేదు, నేను కట్టలేదు. లారా పెర్ల్స్ జీవితమంతా చెప్పింది ఈ ఆసరా గురించే. కావలసినంత ఇవ్వాలి, అవసరానికి మించి ఇవ్వకూడదు అనేది.

ఫ్రిట్జ్ అలా కాదు. 1964 నుంచి కాలిఫోర్నియాలో ఎసలెన్ అనేచోట వర్క్‌షాపులు పెట్టి, జనం ముందు ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి నిలదీసేవాడు. 1965లో విడుదలైన ఒక శిక్షణ చిత్రంలో కార్ల్ రోజర్స్, ఆల్బర్ట్ ఎల్లిస్ అనే వేరే పద్ధతుల థెరపిస్టులు, ఈయన, ముగ్గురూ ఒకే మహిళతో మాట్లాడతారు. ఈయన ఆవిడ మొహం మీదే నువ్వు నటిస్తున్నావు అంటాడు. చూస్తుంటే నాకైతే ఒళ్లు మండుతుంది. గెస్టాల్ట్ అంటే అదే అనుకున్నవాళ్లు చాలామంది. అసలు సిద్ధాంతం 1951లో వచ్చిన 'గెస్టాల్ట్ థెరపీ' అనే పుస్తకంలో ఉంది, ఆ సిద్ధాంత భాగం చాలావరకు రాసింది పాల్ గుడ్‌మన్ అనే రచయిత.

నాకు వీళ్లందరికంటే ఇష్టమైనవాడు ఆర్నాల్డ్ బైసర్. టెన్నిస్ ఆటగాడు, డాక్టరు. పాతికేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయింది. ఆయన 1970లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మనిషి తాను కానిది అవుదామని పెనుగులాడినంతకాలం మారడు, తాను ఏమిటో అది అయినప్పుడు మారతాడు అని. ఇది నేను చెబితే వేదాంతంలా ఉంటుంది. టెన్నిస్ ఆడిన మనిషి చక్రాల కుర్చీలో కూర్చుని చెప్పాడు కాబట్టి వింటాను.

కాన్‌ఫ్లుయెన్స్ సంగతి చెబుతానన్నాను. నేను ఎక్కడ ఆగుతానో నువ్వెక్కడ మొదలవుతావో తెలియనంతగా కలిసిపోవడం. "మీకేం కావాలి" అంటే "మా ఇంట్లో ఎవరూ కాఫీ తాగం" అంటారు చూడండి, అది. పెర్ల్స్ కాలపు అమెరికాలో దీనికి మందు, నీ దారి నీది నా దారి నాది అనడం. నాకది పూర్తిగా ఒప్పదు. పెళ్లి పనుల్లో ఇంటిల్లిపాదీ ఒక్క మనిషైపోతారు, అది రోగమా? కలవడం తెలిసి, విడిపడటం కూడా తెలిస్తే ఇబ్బంది లేదు. రెండోది మర్చిపోయినప్పుడే చిక్కు.

ఇక ప్రశ్నలు. ఆ వెనక బాబు అడిగాడు, మందులు మానేసి ఇది చెయ్యొచ్చా అని. వద్దు. సైకియాట్రిస్టు ఇచ్చిన మందులు ఆయన్ని అడక్కుండా ఎవరూ ఆపకూడదు. మాటలు వినబడుతున్నాయి అనేవాళ్లకి, చనిపోవాలనిపిస్తోంది అనేవాళ్లకి ముందు డాక్టరు కావాలి, కుర్చీ కాదు. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగ్గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఫోన్లలో వేసుకోండి, ఇప్పుడే వేసుకోండి.

మాస్టారూ, మీ ప్రశ్న? ఇంట్లో మనంతట మనం చేసుకోదగ్గది ఏదైనా ఉందా అని. ఖాళీ కుర్చీ మాత్రం ఇంట్లో వద్దు. ఇంకోటి ఉంది, పెర్ల్స్ పుస్తకంలోదే. రేపు పొద్దున ఒక్క ఇడ్లీ, ఒకటి చాలు, పేపరూ టీవీ ఫోనూ లేకుండా, ప్రతి ముక్కా నోట్లో నీళ్లయ్యేదాకా నమిలి తినండి. సగంలోనే చిరాకొస్తుంది. గబుక్కున మింగెయ్యాలనిపిస్తుంది. మింగకండి, ఆ చిరాకు ఎక్కడికి వచ్చిందో చూడండి. దవడలోకా, గొంతులోకా? మీ ఆవిడగారు, ఏమిటండీ అలా తింటున్నారు, ఇడ్లీ బాగోలేదా అంటారు. దానికి ఏం చెబుతారో అది మీ ఇష్టం.

బయట టీ పెట్టారట. కుర్చీలు ఎవరివి వాళ్లు గోడ దగ్గర పెట్టేయండి, సర్దడానికి వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.